నలభై ఒకటో తొడుగు

తన చేతిలో జరిగిన తప్పు తన కంట పడకుండానే వెళ్లి ఎవరో ఒక పిల్ల ఒంటికి తగులుతుందేమోనన్నదే ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం. పని పోతుందేమోనన్న భయం దాని తర్వాతే. ఇంట్లో పద్నాలుగు నెలల పాపకు ఒళ్లు వెచ్చబడితే పుట్టే భయం కూడా, నిజం చెప్పాలంటే, దీనికి చెల్లెలే.

ఆమె పని అంచులు నున్నగా చెయ్యడం. వెన్ను పక్కకు వంగిన పిల్లలు చంకల కింద నుంచి తుంటి దాకా తొడుక్కునే ప్లాస్టిక్ తొడుగులు ఆ వర్క్‌షాపులో తయారవుతాయి. ముందుగదిలో పిల్లను నిలబెట్టి చుట్టూ కెమెరా తిప్పి కొలతలు తీస్తారు. ఆ కొలతలతో, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన కంప్యూటర్లో నమూనా చేస్తాడు. దాన్ని చూసుకుని చెక్కుడు మిషను ఒక నురుగు దిమ్మను అచ్చం ఆ పిల్ల మొండెంలాగే చెక్కుతుంది. ఓవెన్లో మెత్తబడ్డ ప్లాస్టిక్ పలకను దిమ్మ మీద పరిచి అడుగునుంచి గాలి లాగేస్తే, తడిసిన చొక్కాలా అతుక్కుపోతుంది. చల్లారాక కోసి, ఊడదీసి, ఆమె బల్ల మీదికి పంపుతారు. ఆమె ఉప్పు కాగితంతో అంచులు రుద్ది, లోపలంతా తడిమి, ఎక్కడా ఏమీ గుచ్చుకోదని తేలాక లోపల పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి దాని మధ్య చుక్క పెడుతుంది. ఆ చుక్క పడితేనే తొడుగు గడప దాటాలి.

తడమడానికి ఆమె వేళ్లను నమ్మదు. ఉప్పు కాగితంతో అవి ఎప్పుడో మొద్దుబారాయి. చీర మీద వేసుకునే పనిచొక్కా చెయ్యి మడిచి, మణికట్టు లోపలివైపు, పాలసీసా వేడి చూసుకునే చోటును తొడుగు గోడకు ఆనించి మెల్లగా జరుపుతుంది. ఆ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాప పుట్టాక అదే వచ్చింది.

సోమవారం పొద్దున కొత్త కంప్యూటర్ దిగింది. ఇద్దరు మోసుకొచ్చారు. నల్లటి పెట్టె, ముందు జల్లెడలాంటి తలుపు, మూలన వెండి రంగులో కంపెనీ గుర్తు.

"పెళ్లికొడుకును దించినట్టు దించుతున్నారే! ఎదురెళ్లి కాళ్లు కడగమంటారా?" అంది పట్టీలక్క. తొడుగులకు పట్టీలూ రివిట్లూ వేసే ఆవిడ. నోట్లో రివిట్లు పెట్టుకుని కూడా మాట్లాడగలదు.

అమ్మకాల మనిషి నవ్వి, "వారం వాడి చూడండి మేడమ్. నచ్చకపోతే మేమే పట్టుకెళ్తాం. మామూలు కంప్యూటర్ కాదిది, వర్క్‌స్టేషన్. ఇలాంటి పనికోసమే చేసింది," అన్నాడు.

వర్క్‌షాపు మేడమ్‌ది. ఆవిడ కళ్లు బాబాయ్ బల్ల మీద ఉన్న పాత మిషను వైపు వెళ్లాయి. పాతదంటే మరీ పాతదేం కాదు. వీధి చివర కొట్లో విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్. వచ్చి మూడు నెలలయింది.

"మీరు చెప్పిన ధరకు అలాంటివి నాలుగొస్తాయి. ఇది నాలుగు మిషన్ల పని చేస్తుందా?"

"చేసి చూడండి మేడమ్," అని అతను చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు.

మేడమ్ ఆమెను పిలిచింది. "లెక్క నువ్వు రాయమ్మా. బాబాయ్ గారు కొత్తది కావాలంటారు, నేను పాతది చాలంటాను. నీకు రెండూ ఒకటే. ఒకే పిల్ల కొలతలు రెండిట్లోనూ పెడతారు. ఏది ఎంతసేపట్లో ముగించిందో రాయి. ఎక్కడైనా ఆగితే అదీ రాయి."

ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. నోటుపుస్తకంలో స్కేలుతో నిలువు గీత గీసి, ఎడమవైపు 'పాతది', కుడివైపు 'కొత్తది' అని రాయడానికే పెదవి కొరుక్కుంది. అక్షరాలు గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా వచ్చాయి. మధ్యాహ్నానికి పాతది పద్నాలుగు నిమిషాలు, కొత్తది ఇరవై మూడు. సాయంత్రం ఇంకో కొలతకు కూడా దాదాపు అంతే తేడా.

మేడమ్ పుస్తకం తిప్పి చూసింది. "బాబాయ్ గారూ, నాలుగింతలు పోసి తొమ్మిది నిమిషాల ఆలస్యం కొనుక్కోమంటారా?"

బాబాయ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తల నెరిసిన మనిషి. "వేగం కోసం కాదండీ."

"మరి?"

"నమ్మకం కోసం."

"పాతదాని మీద నమ్మకం నాకూ ఉంది. మూడు నెలల్లో ఒక్కసారన్నా ఆగిందా?"

"ఆగలేదండీ," అన్నాడు బాబాయ్. ఆ మాట ఒప్పుకుంటున్నట్టు కాక ఫిర్యాదు చేస్తున్నట్టు వినిపించింది ఆమెకు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

మంగళవారం పదకొండు గంటలకు కొత్త మిషను తెర మీద పసుపుపచ్చ పెట్టె ఒకటి తెరుచుకుంది. బాబాయ్ వెంటనే పని ఆపేశాడు. పట్టీలక్క తొంగి చూసి, "అయ్యో, పెళ్లికొడుక్కి మూర్ఛలా ఉందే!" అంది. ఓవెన్ దగ్గరివాళ్లు కూడా నవ్వారు. మేడమ్ గదిలోంచి వచ్చింది.

"ఏమంటోంది?"

బాబాయ్ ఒక్కో మాటా తెలుగులోకి తిప్పి చెప్పాడు. "మూడో మెమరీ ముక్కలో తప్పు దొర్లింది. సరిచేశాను. ముక్క మార్చండి. పని మరోసారి చూసుకోండి."

"రెండో రోజే జబ్బా? పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా!" మేడమ్ నవ్వలేదు. "రాయమ్మా, ఆగిందని రాయి."

బాబాయ్ చెప్పిన మాటలు చెప్పినట్టే కొత్తదాని వైపు రాసింది ఆమె. ఫోను చేస్తే మధ్యాహ్నానికల్లా కంపెనీ మనిషి వచ్చి, అగరుబత్తి పెట్టెంత కూడా లేని ఒక ముక్క తీసి ఇంకోటి పెట్టి, సంతకం చేయించుకుని వెళ్లాడు. మేడమ్ మాత్రం శనివారం పట్టుకెళ్లమని చెప్పేస్తానంది.

అందరూ అన్నాలకు లేచాక ఆమె పుస్తకం ఇవ్వడానికి బాబాయ్ బల్ల దగ్గర ఆగింది. "పాతది మంచిదే కదా బాబాయ్. ఒక్క తప్పూ చెయ్యలేదు."

"చెయ్యలేదని నీకెవరు చెప్పారు?"

"ఆగలేదుగా."

"అమ్మాయ్, తప్పు ప్రతి మిషనూ చేస్తుంది. ఇది చేస్తే పట్టుకుని చెప్తుంది. ఆ పాతదానికి పట్టుకునే చెయ్యీ లేదు, చెప్పే నోరూ లేదు. లోపల సున్నా ఉండాల్సిన చోట ఒకటి పడితే, అదే నిజమనుకుని దర్జాగా ముందుకుపోతుంది. ఆపి చూసుకోదు కనకే ఆ తొమ్మిది నిమిషాలు మిగులుతున్నాయేమో, ఎవరు చూశారు!" అని కొంచెం నవ్వాడు.

"తప్పు పడితే ఏమవుతుంది?"

"సినిమా చూసేవాడికి ఏమీ కాదు. బొమ్మలో ఎక్కడో ఒక చుక్క రంగు మారుతుంది. మనం చేసేది ఒంటికి తొడిగేది. నమూనాలో ఒక చుక్క లోపలికి జారిందనుకో, దిమ్మ మీద గుంట పడుతుంది. దిమ్మ మీద గుంటయితే, ప్లాస్టిక్ లోపల?"

"బొడిపె," అంది ఆమె.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది.

పదమూడు రోజుల కిందటి మాట. అంతకు ముందురోజు పాపకు పళ్లొస్తూ దవడలు దురద పెట్టి, ఎత్తుకుంటే మణికట్టు అందుకుని కొరికింది. పైన రెండు, కింద రెండు. కమిలి వాచింది. ఆ రోజు ఆమె బల్ల మీద నలభై ఒకటో నంబరు తొడుగు ఉంది. దాన్ని తొడుక్కోవడానికి వచ్చిన పిల్ల ముందుగదిలో కూర్చుని ఎదురుచూస్తోంది. తొమ్మిదేళ్లుంటాయి, రెండు జడలు, నీలం పట్టీలు కావాలని తనే ఎంచుకుంది. ఆమె మణికట్టు లోపల ఆనించి జరుపుతుంటే కుడివైపు, తుంటి ఎముకకు కొంచెం పైన, చురుక్కుమంది. ఆగింది. చెయ్యి తీసి చూసుకుంది. పాప పంటిగాటు ఎర్రగా ఉంది. ఓ, ఇదా అనుకుంది. రెండోసారి ఆనించింది, మళ్లీ చురుక్కుమంది. పంటిగాటే అనుకుంది. సున్నా చుట్టి చుక్క పెట్టేసింది.

తొడిగి పట్టీలు బిగించాక ఆ పిల్ల నడుము కదిపి, "ఇక్కడ నొక్కుతోంది ఆంటీ," అంది. ఎక్కడని ఆమె అడగలేదు. కొత్త తొడుగు ప్రతి పిల్లకూ నొక్కుతుంది. "మొదట్లో అలాగే ఉంటుంది బంగారం. నువ్వు పెద్దపిల్లవి కదా, ఓర్చుకోవాలి. ఏడవకూడదు, ఊరికే అమ్మకు చెప్పి బెంగ పెట్టకూడదు. సరేనా?" అంది. పిల్ల సరేనని రెండు జడలూ ఊగేలా తలూపింది.

ఆ మంగళవారం సాయంత్రం ఇంట్లో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆమె మణికట్టు కేసి చూస్తూ ఉండిపోయింది. గాటు మానిపోయి చర్మం నున్నగా ఉంది. గట్టిగా నొక్కింది. నొప్పి లేదు.

"చేతిలో జాతకం రాసుందా?" అన్నారు అత్తగారు, పాప గౌన్లు మడతపెడుతూ. ఆమె జరిగింది చెప్పింది. అత్తగారి చేతిలో గౌను సగం మడతలో ఆగింది.

"నిన్ను ఎవరన్నా అడిగారా?"

"లేదు అత్తయ్యా."

"మరి నీ అంతట నువ్వెళ్లి నెత్తిన వేసుకోవడమెందుకు? అడక్కుండా చెప్పినవాళ్లకు ఎవరూ దండలు వెయ్యరు. ఇంట్లో పాలు పొయ్యి మీద పెడుతున్నది నీ జీతమే, గుర్తుందిగా."

"అడగాలంటే తెలియాలి కదా. నాకు తప్ప ఎవరికీ తెలియదు."

"తెలియకపోతే ఇంకా మంచిదేగా!"

పాప మళ్లీ ఆమె చెయ్యి అందుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఈసారి ఆమె చటుక్కున లాక్కుంది. పాప బిత్తరపోయి చూసి, ఆలస్యంగా ఏడుపు మొదలుపెట్టింది. అత్తగారు పాపను అందుకుని, కాసేపు జోకొట్టి, కోడలి వైపు చూడకుండా అన్నారు. "చెప్పేదయితే ముందు ఆ పెద్దాయనకు చెప్పు. మేడమ్‌కి కాదు."

బుధవారం ఆమె అందరికంటే ముందే వచ్చి బాబాయ్ కోసం గుమ్మంలో నిలబడింది. ఆయన సైకిలుకు తాళం వేస్తుండగానే చెప్పేసింది. బాబాయ్ వెనక కొట్టంలోకి వెళ్లి, వాడేసిన దిమ్మల మధ్య వెతికి, నలభై ఒకటి అని రాసిన దిమ్మను రెండు చేతులతో ఎత్తుకొచ్చి ఆమె బల్ల మీద నిలబెట్టాడు. తలా చేతులూ లేని చిన్న నురుగు ఒళ్లు. తర్వాత కొత్త మిషను ముందు కూర్చుని అదే పిల్ల కొలతలు అందులో మళ్లీ పెట్టాడు. ఇరవై మూడు నిమిషాలు. అంతసేపూ ఆమె నిలబడే ఉంది. అయిపోయాక కొత్త నమూనాను పాతదాని మీద పరిచాడు. తెర మీద ఒళ్లంతా బూడిదరంగు. కుడివైపు, తుంటి ఎముకకు పైన, పెసరగింజంత ఎర్రచుక్క.

ఆయన చెప్పేలోపే ఆమె చొక్కా చెయ్యి మడిచి, మణికట్టును దిమ్మ మీద జరుపుతోంది. ఎర్రచుక్క ఎక్కడుందో అక్కడే ఆగింది.

"ఇదే," అంది.

ఆ మూడు నెలల్లో పాత మిషను మీద చేసినవన్నీ బాబాయ్ ఒక్కొక్కటే మళ్లీ పెట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజంతా, రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా అదే పని. అరవై మూడింటిలో మూడు తేడా వచ్చాయి. ఒకటి ఇంకా పట్టీలక్క కొక్కేనికే వేలాడుతోంది. రెండోదాన్ని ఫోను చేయగానే ఆ పిల్లాడి తల్లి ఆటోలో తెచ్చి ఇచ్చింది. వాడు మొండికేసి ఇంతవరకూ తొడుక్కోనే లేదట. "మొండివాడే బాగుపడ్డాడు," అంది పట్టీలక్క. ఎవరూ నవ్వలేదు. మూడోది నలభై ఒకటి. ఆ నంబరుకు ఫోను చేస్తే వాడుకలో లేదని వచ్చింది. ఆ పిల్లను పంపిన ఆస్పత్రి రిజిస్టరులో ఉన్న ఇంటికి మనిషిని పంపితే తాళం కూడా లేదు, ఖాళీ చేసేశారు. తండ్రి వంతెనల పనివాడు. పని ఎక్కడుంటే కుటుంబం అక్కడ. మళ్లీ చూపించుకోవడానికి రమ్మన్నది మూడు నెలలకు.

గురువారం సాయంత్రం తన తప్పు చెప్పడానికి ఆమె మేడమ్ గదిలోకి వెళ్లింది. బాబాయ్ తోడొస్తానన్నా వద్దంది. పంటిగాటు సంగతి, రెండుసార్లు చురుక్కుమన్న సంగతి, ఆ పిల్లకు చెప్పిన మాటతో సహా అన్నీ చెప్పింది. మేడమ్ అంతా విన్నాక కుర్చీ వెనక్కి జరిపి, తనే ఫోను తీసుకుని, వంతెన కంపెనీకి, ఆస్పత్రికి, తెలిసిన ఇద్దరు డాక్టర్లకు చేసింది. ఎక్కడా ఆచూకీ దొరకలేదు. తర్వాత బాబాయ్‌ని పిలిచి, "శనివారం పట్టుకెళ్లొద్దని వాళ్లకు చెప్పండి. ఈ మిషను ఉంచేస్తున్నాం. తన తప్పు తనే చెప్పేదానికి ఎంతయినా పెట్టొచ్చు," అంది.

ఆ మాటకు ఆమె గుండె మీద బరువు కొంత దిగింది. ఇంటికెళ్తూ పాపకు నమలడానికి రబ్బరు ఉంగరం కొంది.

శుక్రవారం అన్నాల వేళకు ముందు మేడమ్ ఆమెను పిలిచి, కూర్చోమంది. ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదటిసారి. మేడమ్ కళ్ల కింద నల్లగా ఉంది.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. నువ్వు చెప్పకపోతే ఆ రెండూ దొరికేవి కావు. కానీ ఆస్పత్రివాళ్లు రాతపూర్వకంగా అడుగుతున్నారు. ఎవరి చేతి మీదుగా వెళ్లింది, వాళ్ల మీద ఏం చర్య తీసుకున్నారు అని. మిషను పేరు రాస్తే ఒప్పుకోరు. చుక్క నీది కదా."

"నాదే మేడమ్."

"ఈ నెల జీతం పూర్తిగా ఇస్తాను. రేపటినుంచి..." అంది మేడమ్.

ఆమె లేచి నిలబడింది. ఏం అడగాలో తెలియక, "పాత మిషను పారేస్తారా మేడమ్?" అంది.

"దాన్నెందుకు పారెయ్యడం? ముందుగదిలో ఉత్తరాలకూ బిల్లులకూ పనికొస్తుంది."

ఆమె బయటికొచ్చేసరికి అప్పటికే ముందుగదిలో దానికి బల్ల వేసి, కింద గుడ్డ పరుస్తున్నారు.

తన బల్ల మీదున్న ఉప్పు కాగితాలను నంబర్ల వారీగా పేర్చింది. దువ్వెన, చేతిరుమాలు సంచిలో వేసుకుంది. పట్టీలక్క రివిట్లు నోట్లోంచి తీసి చేతిలో పట్టుకుని, ఆమె కొంగు మీద పడిన ప్లాస్టిక్ పొడి దులిపింది. బాబాయ్ కొత్త మిషను ముందునుంచి లేచి వచ్చాడు.

"తప్పు చెప్పిందని దానికి ముక్క మార్చి ఉంచుకున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "నేను మేడమ్‌తో అన్నాను. వినలేదు."

"నాకు మార్చడానికి ముక్క లేదు కదా బాబాయ్."

"ఎందుకు లేదు? మణికట్టు మానిందిగా," అన్నాడాయన. కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

లెక్కల పుస్తకం ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఇచ్చేముందు తెరిచింది. కొత్తదాని వైపు, మంగళవారం తను రాసిన మాటలు అలాగే గుండ్రంగా ఉన్నాయి. మూడో మెమరీ ముక్కలో తప్పు దొర్లింది. సరిచేశాను. వాటి కింద, గీతకు ఎడమా కుడీ చూసుకోకుండా, పేజీకి అడ్డంగా రాసింది. "నలభై ఒకటో తొడుగులో తప్పు దొర్లింది. నా మణికట్టుకు తెలిసింది, నేను వినలేదు. ఇంకా సరికాలేదు. చూసుకోండి."

పుస్తకం బాబాయ్ చేతిలో పెట్టి వచ్చేసింది.

అప్పటినుంచి ఆమె పాపను చంకనేసుకుని, ఎక్కడ వంతెన కడుతున్నారంటే అక్కడికి వెళ్లి అడుగుతోంది. ఇప్పటికి మూడు చూసింది. నాలుగోది బస్సు చార్జీలకు అందనంత దూరం.

మీ వీధిలో ఈమధ్య కొత్తగా దిగిన వంతెన పనివాళ్లు ఉంటే, వాళ్లలో తొమ్మిదేళ్ల పిల్ల, రెండు జడలు, గౌను కింద ప్లాస్టిక్ తొడుగు, నీలం పట్టీలు కనిపిస్తే, దయచేసి ఒక్కసారి వాళ్ల ఇంటికెళ్లండి. తొడుగు లోపల సున్నా, దాని మధ్య చుక్క ఉంటాయి. నొక్కుతోందా అని ఆ పిల్లను అడక్కండి. లేదనే అంటుంది, ఓర్చుకోమని చెప్పారు. వాళ్లమ్మను దగ్గర పెట్టుకుని పట్టీలు విప్పించి, కుడివైపు, తుంటి ఎముకకు కొంచెం పైన, చర్మం ఎర్రబడిందేమో చూడండి.